డిక్కీలో వంటిల్లు

కార్తీకమాసం ఆదివారాల్లో ఏ తోటలో చూసినా ఇదే తంతు. ఉసిరిచెట్టు కింద దుప్పట్లు పరిచేస్తారు. ముందు అగ్గిపెట్టె కోసం వెతుకులాట. అది దొరికి పొయ్యి వెలిగాక గరిటె కనబడదు. పక్కవాళ్లనడిగి గరిటె తెచ్చుకుని, నూనె కాగుతుండగా ‘ఆవాలేవీ?’ అని ఓ కేక. ఆరు సంచులూ మూడు అట్టపెట్టెలూ బోర్లించాక ఆవాల పొట్లం పిల్లల బట్టల సంచిలోంచి బయటపడుతుంది!

ఈ చిక్కుకు 1866లోనే ఓ పశువుల ఆసామి విరుగుడు కనిపెట్టాడు. ఆయన పేరు చార్లెస్ గుడ్‌నైట్. ఊరు అమెరికాలోని టెక్సస్. వేలాది పశువుల్ని నెలల తరబడి తోలుకెళ్లే మనుషులకు దారిలో తిండి ఎలా? సైన్యం వాడి వదిలేసిన ఓ గట్టి బండిని తీసుకుని, దాని వెనకభాగంలో అరలూ సొరుగులూ ఉన్న చెక్కపెట్టెను బిగించాడు. పిండి, కాఫీ, ఉప్పు, గిన్నెలు... దేని అర దానిదే. అసలు తెలివంతా పెట్టె తలుపులో ఉంది. కిందివైపు బందులు వేయడంతో, తెరిచి దించితే అదే బల్ల అయ్యేది. దానికో మడతకాలు. వంటవాడు నిలబడే పిండి కలుపుకునేవాడు. పశువుల కాపర్ల వాడుకలో ‘చక్’ అంటే తిండి. అందుకే అది చక్ వ్యాగన్, పెట్టె చక్ బాక్స్. టెక్సస్ రాష్ట్రం 2005లో ఆ బండిని తన అధికారిక వాహనంగా ప్రకటించుకుంది కూడా. బండ్లు పోయి కార్లొచ్చినా పెట్టె మాత్రం పోలేదు. కార్లలో గుడారాలు వేసుకుని తిరిగే కుటుంబాలు ఇప్పటికీ అదే పద్ధతిలో చేయించుకుంటాయి.

మన దగ్గర వీధి చివరి వడ్రంగి చాలు. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఒక్క షీటు సరిపోతుంది. అయితే పెట్టె కొలత ముందు అనుకుని తర్వాత సామాను కుక్కడం తప్పు. పొయ్యి, కుక్కరు, బాణలి, పోపులపెట్టె, పళ్లాలు నేల మీద పేర్చి చుట్టూ సుద్దముక్కతో గీత గీయాలి. అన్నిటికంటే ఎత్తైనది కుక్కరే అవుతుంది. పెట్టె ఎత్తు దాన్నిబట్టే. ఆ తర్వాత కారు డిక్కీని కొలవాలి. లోపల కాదు, మూతి దగ్గర! లోపల విశాలంగా ఉండి మూతి ఇరుకైన కార్లే ఎక్కువ. ఇంటి దగ్గర ముచ్చటగా తయారైన పెట్టె డిక్కీలో దూరకపోతే వడ్రంగిని తిట్టి లాభం లేదు.

ఉదాహరణకు 75 సెంటీమీటర్ల వెడల్పు, 45 లోతు, 40 ఎత్తు పెట్టుకుంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఖాళీ పెట్టే 15 కిలోలు తూగుతుంది. సామాను నింపితే ముప్ఫైకి తక్కువుండదు. కాబట్టి రెండు పక్కలా పిడులు, ఎత్తడానికి ఇద్దరు మనుషులు తప్పవు. లోపలి అడ్డచెక్కలకు 9 మిల్లీమీటర్లది చాలు. కొంత బరువు కలిసొస్తుంది. నీళ్లు, బియ్యం వేరేగా పెట్టుకోవడమే మేలు. కత్తిపీట లేనిదే చేయి ఆడని వాళ్లకు మడత కత్తిపీట ఉంది. గిన్నెల మధ్య పాత తువ్వాళ్లు దూర్చకపోతే గతుకుల రోడ్డు మీద మోత భరించడం కష్టం.

ఈ పెట్టెతో ఇంకో లాభం ఉంది. ఏది ఏ అరలో ఉందో అందరికీ తెలుస్తుంది గనక, కాఫీ కలపడానికి ఇంటావిడే లేవక్కర్లేదు. ఇంట్లో వండి వండి విసిగి విహారానికొచ్చిన మనిషికి అక్కడా గరిటే అప్పజెప్పడం ఏం న్యాయం?

గ్యాస్ దగ్గర మాత్రం సరదాలొద్దు. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, డిక్కీ అడుగునే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పెట్టెలో సిలిండర్‌కు అర పెట్టించకూడదు. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, నిలువుగానే తీసుకెళ్లాలి. డబ్బా పొయ్యిలకు వాడే చిన్న గ్యాస్ డబ్బాలను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పేలే ప్రమాదముంది. ఆ పొయ్యి మీద డబ్బాను కప్పేసేంత పెద్ద బాణలి పెట్టినా అంతే. వానొచ్చిందని పొయ్యిని గుడారంలోకో కారులోకో తేవడం అన్నిటికంటే ముప్పు. మూసిన చోట మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక రైలు ప్రయాణానికి ఈ పొయ్యి సరంజామా పనికిరాదు. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్లో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ యాత్ర లక్నోలో మొదలైంది. దొంగచాటుగా ఎక్కించిన సిలిండరే కారణమని తేలింది. రైల్లో గ్యాస్ తీసుకెళ్లడం నేరం. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడమూ నేరమే. పొయ్యి ఎక్కడ వెలిగించవచ్చో దిగేముందే అటవీ సిబ్బందిని అడగాలి.

పెట్టెను డిక్కీలో ఊరికే పెట్టి వదలకూడదు. సడన్ బ్రేకు పడితే ముప్ఫై కిలోలూ వెనకసీటు మీదికొస్తాయి. అక్కడ కూర్చునేది పిల్లలే. కొన్ని కార్ల డిక్కీలో కొక్కేలుంటాయి, నైలాన్ పట్టీతో వాటికి బిగించాలి. తిరిగొచ్చాక తడి గిన్నెలతోనే మూత వేస్తే వారానికే బూజు వాసన. ఒక పూట తలుపు తెరిచి ఎండకు పెట్టి, పోపులపెట్టె మళ్లీ నింపి మెట్ల కింద పెట్టేసుకోవచ్చు. రవ్వ, పిండి మాత్రం అందులో మరచిపోతే పురుగు పట్టడం ఖాయం.