విశ్రాంత జీవితానికి దినచర్యే రసాయనం

ఉద్యోగం ముగిసిన మరునాటి నుండి శరీరానికి కూడా పూర్తి విశ్రాంతినివ్వాలని మన మధ్యతరగతి కుటుంబాలలో ఒక నమ్మకం పాతుకుపోయింది. "ఇన్నేళ్ళూ కష్టపడ్డారు, ఇక హాయిగా కూర్చోండి" అని పిల్లలు అంటారు. ఆ మాటలో ప్రేమ ఉన్నది గాని ఆరోగ్యసూత్రం లేదు. ముప్పై ఏళ్ళపాటు ఏ వేళకు లేచామో, ఏ వేళకు భుజించామో, ఎంత నడిచామో, ఎందరితో మాట్లాడామో, అదంతా శరీరానికి అలవాటైపోయి ఉంటుంది. ఇలా ఒంటికి ఇమిడిపోయిన దానినే ఆయుర్వేదం సాత్మ్యం అంటుంది. మానదగిన అలవాటునైనా సరే హఠాత్తుగా విడువరాదనీ, నాలుగవ వంతు చొప్పున తగ్గిస్తూ, మంచి అలవాటును ఆ మేరకే పెంచుకుంటూ పోవాలనీ చరకసంహిత బోధిస్తుంది. పదవీ విరమణ మాత్రం మంచి అలవాట్లను సైతం ఒక్క సాయంకాలంలో తెంచివేస్తుంది.

పైగా అది ఏ వయస్సులో వస్తున్నదో గమనించండి. ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు తెలంగాణలో 2021 నుండి 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి 62 సంవత్సరాలు. వయస్సు చివరి భాగంలో వాతం ప్రధానమవుతుందని మన శాస్త్రం. కీళ్ళనొప్పులు, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, మనస్సు నిలకడగా లేకపోవడం ఆ దశలో తలెత్తే బాధలు. వేళ తప్పిన తిండి, వేళ తప్పిన నిద్ర వాతాన్ని మరింత ప్రకోపింపజేస్తాయి. కనుక నియమం అత్యవసరమైన కాలంలోనే మన జీవితంలో నుండి నియమం తొలగిపోతున్నది.

ఈ శూన్యాన్ని పూరించడానికి నేడు పిల్లలు తల్లిదండ్రులకు ప్రేమతో ఇస్తున్న కానుకలు ముఖ్యంగా రెండు. ఒకటి కెమేరా, లేదా మంచి కెమేరా ఉన్న ఫోను. రెండవది విహారనౌకలో ప్రయాణం. నేను పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్ళయింది. రెండింటి రుచీ చూశాను. నా అభిప్రాయం ఇది: కెమేరా నిత్యం సేవించదగిన ఔషధం, ఓడ ప్రయాణం పండుగనాటి పిండివంట. పిండివంటను ఔషధమని భ్రమించరాదు.

ముందుగా కెమేరా సంగతి. ఛాయాచిత్రాలకు శ్రేష్ఠమైన వెలుతురు సూర్యోదయం తరువాత ఒక గంటసేపు ఉంటుంది. కిరణాలు ఏటవాలుగా పడి, ఆకు ఈనెలు, గోడ పగుళ్ళు, మనుషుల ముఖాలు స్పష్టంగా తేలుతాయి. నడకకు అనువైన సమయమూ అదే. కెమేరా పట్టుకొని వెళ్ళినవాడు గడియారం చూచుకోకుండానే నడుస్తాడు. వంగుతాడు, ఆగుతాడు, మళ్ళీ నడుస్తాడు. వ్యాయామం తన బలంలో సగం మేరకే చేయాలని వాగ్భటుడు చెప్పాడు. ఆగి ఆగి నడిచే ఈ నడకలో ఆ హద్దు దానంతటదే పాటింపబడుతుంది. అంతకుమించిన లాభం మరొకటి ఉన్నది. ఇరవై ఏళ్ళుగా స్కూటరు మీద దాటిపోయిన వీధిని మొదటిసారి తేరిపార చూస్తాము. ఇస్త్రీ బండి అతనితో, పూలు కట్టే అమ్మతో మాట కలుస్తుంది. వారి అనుమతి అడిగిన తరువాతే ఫోటో తీయాలని వేరుగా చెప్పనక్కరలేదు. ఆఫీసుతోపాటు పోయిన పలకరింపులు ఈ విధంగా తిరిగి వస్తాయి.

ఉద్యోగం విడిచిన తరువాత కెమేరానే జీవితంగా చేసుకున్న మహనీయుడు మన హైదరాబాదు చరిత్రలోనే ఉన్నాడు. రాజా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో పనిచేశాడు. వేడుకగా మొదలుపెట్టిన ఫోటోగ్రఫీ కొరకు 1880లలో ఉద్యోగానికి స్వస్తి చెప్పి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు దాటాయి. మనమందరం దీన్‌దయాళ్‌లము కాలేము, కానక్కరలేదు. చేతిలో ఒక పని ఉన్న మనిషికి ఉద్యోగం పోయినా ఉదయం మిగిలే ఉంటుందని గ్రహిస్తే చాలు.

అయితే ఔషధానికీ మోతాదు ఉన్నది. లెన్సు మీద లెన్సు కొంటూ పింఛను డబ్బు ఖర్చు చేయడం, బరువైన సంచి ఒకే భుజానికి తగిలించుకొని మెడ నొప్పి తెచ్చుకోవడం, అర్ధరాత్రి వరకు కంప్యూటరు ముందు కూర్చొని బొమ్మలకు మెరుగులు దిద్దడం అపథ్యం. రాత్రి మేల్కొనడం వాతాన్ని పెంచుతుంది. రోజుకు ఒక్క బొమ్మను ఎంచుకొని, తేదీ వ్రాసి, నెలకు నాలుగింటిని స్టూడియోలో ప్రింటు వేయించుకుంటే మనస్సుకు తృప్తి, మనుమలకు ఒక ఆల్బము మిగులుతాయి.

ఇక ఓడ ప్రయాణం. 2022 జూన్‌లో విశాఖ రేవు నుండి విహారనౌక బయలుదేరినప్పటి నుండి మన ప్రాంతంలో ఈ మోజు పెరిగింది. 2023లో అక్కడ విహారనౌకల కొరకే ఒక టెర్మినల్ ప్రారంభమయింది. నేనూ నా భార్యా విశాఖ నుండి చెన్నై వరకు అటువంటి ప్రయాణం చేశాము. నాలుగు దిక్కులా నీరే కనిపించే ఆ దృశ్యం వర్ణనాతీతం. కాని ఓడలో తిండికి వేళ లేదు. ఎటు చూచినా వడ్డనే. వినోద కార్యక్రమాలు రాత్రి పొద్దుపోయే వరకు సాగుతాయి. రెండవ రోజుకే కడుపుబ్బరంతో మజ్జిగ కొరకు వెదకిన పెద్దలను నేను చూశాను. ఆకలి వేసినప్పుడే, సగం కడుపుకే తినాలి. మామూలుగా పడుకునే వేళకే పడుకోవాలి. నిత్యం వేసుకునే మందులు చేతిసంచిలోనే ఉండాలి. భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం మరువరాదు.

ఓడ ఊగినప్పుడు లోపలి చెవి కదలికను గ్రహిస్తుంది, కన్ను మాత్రం కదలని గదిని చూస్తుంది. ఈ రెండింటికి పొత్తు కుదరకనే తల తిరిగి వాంతి వస్తుంది. అప్పుడు కెమేరా తెరలోనికి తదేకంగా చూడడం మంచిది కాదు. డెక్కు మీదకు వచ్చి, ఆకాశం సముద్రం కలిసే గీతను చూస్తూ నిలవాలి. గది తీసుకునేటప్పుడు ఓడ మధ్యభాగంలో, క్రింది అంతస్తులో అడిగితే ఊపు తక్కువ. ఇంటి నుండి శొంఠిపొడి, పాతబెల్లం కలిపి చేసిన చిన్న ఉండలు, ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు తీసుకొని వెళ్ళండి. మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి. ఉప్పు తగ్గించవలసినవారు ఉసిరి ముక్కలు మానాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు శొంఠి విషయంలో వైద్యుని అడగాలి.

"ఆనందం కూడా ఔషధమే కదా, ఓడను ఎందుకు తక్కువ చేస్తారు?" అని కొందరు మిత్రులు ప్రశ్నించారు. ఆనందం ఔషధమే, సందేహం లేదు. అయితే ప్రయాణం 4 రోజులు. మిగిలిన 361 రోజులూ ఇంటిలోనే గడపాలి. ఆ 361 రోజులు శూన్యంగా ఉన్నవారికి ఓడ దిగిన మరునాడు ఇల్లు మరింత వెలితిగా తోస్తుంది. ప్రతి ఉదయం ఒక పని ఉన్నవారికి ప్రయాణం ఆ పనికే కొత్త రుచి తెస్తుంది.

ఇక్కడ మన ఇండ్లలో ఎవరూ మాట్లాడని విషయం ఒకటి చెప్పాలి. గృహిణికి పదవీ విరమణ ఉత్తర్వు ఎవరూ ఇవ్వరు. భర్త ఇంటిపట్టున ఉండడంతో ఆమెకు రెండు కాఫీలు, ఒక వేడి ఫలహారం అదనంగా చేరుతాయి. ఆయన వేళ తప్పితే ఆమె వేళా తప్పుతుంది. ఓడలో నా భార్య నాలుగు రోజులు పొయ్యి ముట్టలేదు. ఆ ప్రయాణానికి పెట్టిన డబ్బు సార్థకమైనది ఆ ఒక్క విషయంలోనే అని నేను నమ్ముతున్నాను. ఆ విశ్రాంతి ఆమెకు ఇంటిలోనూ లభించాలి. మా ఇంట కూరలు తరగడం, ఉదయపు కాఫీ కలపడం నా వంతు. వారానికి రెండు ఉదయాలు కెమేరా ఆమె చేతిలో ఉంటుంది. ఆమె తీసిన తులసికోట, ఎండబెట్టిన వడియాల బొమ్మలు నేను తీసిన సముద్రం కంటే మా పిల్లలకు ఎక్కువ నచ్చాయి. విశ్రాంత జీవితంలో పని పంచుకోని భర్త ఎన్ని కషాయాలు త్రాగినా ఆ ఇంటికి ఆరోగ్యం రాదు.

కనుక విరమణకు చేరువైన పాఠకులకు నా మనవి. ఆఖరి సంవత్సరంలోనే కొత్త దినచర్యను కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఉదయం గోరువెచ్చని నీరు, తలకు, చెవులకు, పాదాలకు నువ్వుల నూనె, స్నానం, కెమేరాతో నడక, ఇంటి పనిలో సగం వంతు, మధ్యాహ్నం వృద్ధులకు శాస్త్రమే అనుమతించిన చిన్న కునుకు, పెందలకడ భోజనం, వేళకు నిద్ర. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. పిల్లలు ఓడ టిక్కెట్టు కొని ఇస్తే సంతోషంగా స్వీకరించండి. తిరిగి వచ్చిన మరునాటి ఉదయం మాత్రం ఎప్పటి వేళకే లేచి, దంపతులిద్దరూ కలిసి మీ వీధిలోనికి నడవండి.