ఎర్ర గుంపు కనబడితే గాలం తీసెయ్యండి

అన్నలూ తమ్ముళ్లూ, ఇయ్యాల పొలం సంగతి కాదు, చేపల ముచ్చట. కోపమొచ్చినా పూర్తిగా చదవండి.

మొన్న ఫోన్లో ఒక వీడియో చూసిన. వాగు మడుగులో ఎర్రటి చేపపిల్లల గుంపు నీళ్ల మీద ముద్దలెక్క తిరుగుతుంది. ఒక తమ్ముడు గాలానికి కప్పపిల్లను గుచ్చి సరిగ్గా దాని నడుమ వేసిండు. అర నిమిషం కాలేదు, పెద్ద కొర్రమట్ట పైకొచ్చింది. కింద అన్నీ మెచ్చుకోళ్లే!

దాంట్ల నేర్పేముంది? ఆకలికి కరిచిందా అది? పిల్లల మీద పడ్డదాన్ని తరమడానికి కరిచింది. కొర్రమట్ట (కోస్తావాళ్లు కొరమీను అంటరు, మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే) వానకాలంలో గడ్డి, తుంగ నడుమ గుడ్లు పెడతది. పిల్లలు ఎర్రగా ఉన్నన్ని రోజులు పెద్దచేపలు కిందనే కాపలా తిరుగుతయి. పిల్లలు కాస్త పెరిగి రంగు మారినాకనే వాటి దారి అవి చూసుకుంటయి.

నేనేం పతిత్తును కాదు. ఇరవై ఏళ్లప్పుడు మానేరు మడుగుల ఇట్లనే ఒకటి పట్టిన. కూర బ్రహ్మాండంగుండె. తెల్లారి మళ్లీ పోతే ఆ గుంపు జాడ లేదు. రాయి మీద లకుముకి పిట్ట కూసుంది. ఎందుకో ఆ పిట్ట ఇంకా యాదికొస్తది.

ముందు ఏ చేపనో గుర్తుపట్టండి. కొర్రమట్టకు పాము తల, నల్లటి వీపు, తెల్లటి పొట్ట, పక్కలకు వంకర చారలు. మట్టగిడస చిన్నది, ఎంత పెరిగినా జానెడున్నర దాటుడు తక్కువ. పూమట్టకు ఒంటి మీద తెల్లచుక్కలు, చిన్నగున్నప్పుడు తోక మొదట్ల కన్నులాంటి మచ్చ. పెద్ద నదుల్ల మీటరు దాటి పెరుగుతది. ఈ మూడూ పిల్లల్ని కాసేవే.

పట్టొద్దంటలేను. ఈ చేప గాలి కోసం పైకొచ్చి గుటక వేయాల్సిందే. బుడుంగుమన్న చోట కాసేపు నిలబడి చూడండి. ఎర్ర పిల్లలు లేకుంటే తుంగ అంచున కప్పనో చిన్న చేపనో వేయండి. అందుకోంగనే గుంజకండి, మింగనియ్యండి. టంగీసు దారం మాత్రం గట్టిది కట్టుకోండి, సన్నదైతే తుంగల చుట్టి తెంపుకపోతది.

మృగశిర కార్తెకు చేప తినాలె గదా అంటరు. తినండి. చెరువుల పెంచిన రవ్వ, బొచ్చె ఉండనే ఉన్నయి. గుడ్లు పెట్టే కాలం మొదలయ్యేదే అప్పుడు, వాగుల కొర్రమట్టనే కావాల్నా?

"మేం వదిలితే ఇంకొకడు పడతడు" అంటరు కొందరు. నిజమే. మా వాగుల ఇసుక పోయింది కూడా ఆ మాటతోనే.

నిన్న సాయంత్రం మా మడుగుల ఎర్ర గుంపు ఒకటి కనబడ్డది. దారం చుట్టుకొని ఇంటికొచ్చిన. రాత్రికి పప్పుచారే. మా ఇంటామె ఇంకా నవ్వుతనే ఉంది.