ఒంటరివాడికి కావలసింది ప్రియురాలేనా?

దోస్తోయెవ్‌స్కీ 1848లో రాసిన ‘శ్వేత రాత్రులు’ను మన మిత్రులు చాలామంది విఫల ప్రేమకథగానే చెప్పుకుంటారు. 2007లో వచ్చిన హిందీ సినిమా ‘సావరియా’కు ఆ కథే ఆధారం. ప్రేమించిన అమ్మాయి వేరొకరితో వెళ్ళిపోయింది, పాపం ఒంటరివాడయ్యాడు అని జాలిపడతారు. నా అభిప్రాయం వేరు. ఆమె పరిచయం కాకముందే అతడు ఒంటరివాడు.

ఆ కథానాయకుడికి పేరు కూడా లేదు. వయసు 26. పీటర్స్‌బర్గ్‌లో 8 ఏళ్ళుగా ఉంటున్నా తెలిసినవాళ్ళంటూ లేరు. వీధిలోని ఇళ్ళు తనను పలకరిస్తున్నట్టు ఊహించుకుంటాడు. అలాంటివాడి మాటలను నాస్తెంకా ఓపిగ్గా వింటే ప్రేమ పుట్టక ఏమవుతుంది?

ఆమె సంగతీ చూడాలి. 17 ఏళ్ళ పిల్ల. చూపులేని నాయనమ్మ ఆమె గౌనును తన గౌనుకు పిన్నీసుతో గుచ్చి పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. ఏడాదిలో తిరిగి వస్తానన్న మనిషి కోసం ఎదురుచూస్తోంది. తనను ప్రేమించవద్దని మొదటి రాత్రే షరతు పెట్టింది. అతను వచ్చాడు, ఆమె వెళ్ళింది. ఇందులో మోసం ఎక్కడుంది? కథానాయకుడే ఆమెను నిందించలేదు. వన్ సైడ్ లవ్ పేరుతో అమ్మాయిలను తిట్టేవాళ్ళు ఈ కథను తమకు సాక్ష్యంగా తెచ్చుకోవడం అన్యాయం.

మన హాస్టల్ బతుక్కి ఇంకా దగ్గరి కథ చెహోవ్ 1887లో రాసిన ‘ముద్దు’. ర్యాబోవిచ్ సైనికాధికారి. పొట్టిమనిషి, కాస్త గూని, కళ్ళజోడు. ఎప్పుడూ తోటి అధికారుల మధ్యే ఉంటాడు. ఒక విందులో దారితప్పి చీకటి గదిలోకి వెళితే, ఇంకెవరి కోసమో కాచుకున్న స్త్రీ పొరపాటున ముద్దు పెడుతుంది. ఆమె ఎవరో అతనికి తెలియదు. విందులో చూసిన ఒకామె భుజాలు, ఇంకొకామె కళ్ళు కలిపి మనసులో ఒక మనిషిని తయారుచేసుకుంటాడు. భార్యాపిల్లల దాకా ఊహిస్తాడు.

ఒక సాయంత్రం ఆ సంగతి ఇద్దరు మిత్రులకు చెబుతాడు. తెల్లవార్లూ చెప్పినా తరగదనుకున్నది ఒక్క నిమిషంలో అయిపోతుంది! ఒకడు నమ్మనట్టు చూసి తన గొప్పలు మొదలుపెడతాడు. ఇంకొకడు ఆమె పిచ్చిదై ఉంటుందని తేల్చేస్తాడు. ఇక ఎవరికీ మనసు విప్పకూడదని ర్యాబోవిచ్ నిశ్చయించుకుంటాడు. నాకు ముద్దుకన్నా ఈ ఒక్క నిమిషమే ముఖ్యంగా కనిపిస్తుంది.

మన గదుల్లోనూ జరిగేది ఇదే కదా! లైట్లు ఆర్పాక ఒకడు ఒక అమ్మాయి గురించి చెబుతాడు. తెల్లారి మెస్ లైనులో అందరూ అతన్ని ఆ అమ్మాయి పేరుతోనే పిలుస్తారు. మళ్ళీ అతను నోరు తెరవడు. కొన్నాళ్ళకు క్లాసుకూ వెళ్ళడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇలాంటి మాటలు మా నాన్నతో ఎలా మొదలుపెట్టాలో ఇప్పటికీ తెలియదు. మీలో చాలామంది పరిస్థితి అంతే. ఇక మిగిలింది పక్కన చాప వేసుకున్నవాడే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వీలైతే చెహోవ్ 1886లో రాసిన మరో కథ కూడా చదవండి. కొడుకు చనిపోయిన బండివాడు ఆ దుఃఖం చెప్పుకోబోతే బండెక్కిన ఒక్కరూ వినరు. అందులో ప్రేయసి లేదు. చివరికి అతను తన గుర్రానికి చెప్పుకుంటాడు.