పరాయి దేశపు స్త్రీకి ప్లీడరు ఎవరు?

సైబర్ టవర్స్ 1998లో వెలిసినప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లకు ప్రపంచం తరలివచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటున్నాం. పెట్టుబడి వచ్చిన దారినే కొందరు ఆడవాళ్ళూ వచ్చారు. కొందరు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చారు, కొందరిని మోసగించి తెచ్చారు. 2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకుని, దాని చేతిలో 14,190 మంది స్త్రీలు బాధితులయ్యారని ప్రకటించారు. వారిలో బంగ్లాదేశ్, నేపాల్, థాయ్‌లాండ్, ఉజ్బెకిస్తాన్, రష్యా స్త్రీలూ ఉన్నారన్నారు. ఇలాంటి వార్త చదివినప్పుడల్లా నేనొక వాక్యం కోసం వెతుకుతాను: ఆ స్త్రీకి ప్లీడరు ఉన్నారా? ఆ వాక్యం దాదాపు ఎన్నడూ కనిపించదు. ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకున్న ఫొటో మాత్రం ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది? మనం 'పీటా' అని పిలిచే 1956 నాటి చట్టం, ఒక స్త్రీ డబ్బు కోసం శరీరాన్ని అమ్ముకోవడాన్నే నేరమనలేదు. వ్యభిచార గృహం నడపడం, ఆ సంపాదన మీద బతకడం, తార్చడం, బహిరంగంగా విటుల్ని పిలవడం నేరాలు. ఈ చివరి నేరానికి స్త్రీకి మొదటిసారి ఆరు నెలల దాకా శిక్ష పడవచ్చు. అదే నేరం పురుషుడు చేస్తే గరిష్ఠం మూడు నెలలే. ఇక నేరస్థురాలు కాదు, 'రక్షించాం' అన్న స్త్రీని మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ళ దాకా సంరక్షణ గృహంలో ఉంచవచ్చు. శిక్ష కంటే రక్షణే దీర్ఘం!

విదేశీ స్త్రీకి దీని మీద మరో చట్టం తోడవుతుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం, చెల్లే పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే అయిదేళ్ళ దాకా జైలు. వీసా గడువు దాటి ఉండిపోతే మూడేళ్ళ దాకా. పాస్‌పోర్టును ముఠావాడు లాక్కుని ఉంటాడు. లేదని శిక్ష ఆమెకు! తాను బాధితురాలినని చెప్పాలంటే ముందు ఆమె భాష ఎవరికైనా అర్థం కావాలి కదా.

'మన ఆడవాళ్ళకే దిక్కు లేదు, పరాయి దేశం వాళ్ళ గొడవ మీకెందుకు?' అని నన్ను అడిగేవారున్నారు. రాజ్యాంగం ఇలా వేరు చేయలేదు. 21వ అధికరణం 'ఏ వ్యక్తి' అంటుంది, 'ఏ పౌరుడు' అనదు. 22వ అధికరణం ఇచ్చే న్యాయవాది హక్కు శత్రుదేశ పౌరులకు, ముందస్తు నిర్బంధ చట్టాల కింద అరెస్టయినవారికి తప్ప అందరికీ ఉంది. హౌరా స్టేషన్‌లో సామూహిక అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ స్త్రీకి 10 లక్షల పరిహారాన్ని సమర్థిస్తూ 2000లో చంద్రిమా దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకూ, మనుషుల అక్రమ రవాణా బాధితులకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఉచిత న్యాయసహాయం అందాలి. ఆమె ఈ మూడింటిలోకీ వస్తుంది.

ఇంకో మాట. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్ళిన మన స్త్రీ యజమాని హింస భరించలేక పారిపోతే 'పరారీ' కేసు పెడతారు, నడవడిక మీద నింద వేస్తారు. అప్పుడు మన రాయబార కార్యాలయం కదలాలని మనమే అడుగుతాం. కులభూషణ్ జాదవ్ కోసం భారతదేశం హేగ్ వెళ్ళి, వియన్నా ఒప్పందం 36వ అధికరణాన్ని పట్టుకుని వాదించి, 2019లో గెలిచింది. అరెస్టయిన విదేశీయునికి తన రాయబారిని సంప్రదించే హక్కు ఉందన్న ఆ సూత్రం గచ్చిబౌలి పోలీసు స్టేషన్‌లోనూ వర్తిస్తుంది. 2018లో తెలుగు నటీమణులను అమెరికా రప్పించి వ్యభిచారం చేయించారని ఒక తెలుగు జంటపై షికాగోలో కేసు పెట్టినప్పుడు, కోర్టు పత్రాలు ఆ స్త్రీల పేర్లు దాచి అక్షరాలతోనే ప్రస్తావించాయి. ఆ అక్షరాల వెనక పేర్లు వెతికింది మనవాళ్ళే.

అందుకని మనం అడగవలసినవి పెద్ద కోరికలేం కావు. స్టేషన్‌కు తెచ్చిన గంటల్లోనే న్యాయసేవాధికార సంస్థకు కబురు వెళ్ళాలి. పోలీసులకు గాని ముఠాకు గాని సంబంధం లేని దుబాసీ ఉండాలి. ఆమెకు అర్థం కాని కాగితం మీద సంతకం తీసుకోకూడదు. తన దేశ కార్యాలయాన్ని సంప్రదించే హక్కుందని చెప్పాలి. వద్దంటే ఆ మాటనూ మన్నించాలి. వెనక్కి పంపే ముందు ఆమె సాక్ష్యం, రావలసిన డబ్బు, ప్రాణభయం సంగతి తేల్చాలి. దాడుల్లో దొరికిన స్త్రీల గుర్తింపు బయటపెట్టవద్దని 2022లో బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను పత్రికలూ ఛానళ్ళూ పాటించాలి.

స్త్రీ హక్కులకు పాస్‌పోర్టు అడిగే ఉద్యమం మనది కాదు. రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల మహిళా న్యాయవాదులూ, ఆ భాషలు తెలిసిన మన విద్యార్థినులూ ముందుకు వస్తే ఈ పని రేపే మొదలవుతుంది.