గాజుకు నీడ ఉన్నదా?

గాజుగ్లాసు నీడ ఏ రంగు? “నీడకు రంగేమిటండీ, నలుపే గదా!” అంటారేమో. ఎండ వాలేవేళ కిటికీలో గ్లాసెడు నీళ్లు పెట్టి చూడండి. అంచులు మసకగా ఉంటాయి; నడుమ మాత్రం చుట్టూ ఉన్న ఎండకంటె ప్రకాశమైన వెలుగుగీత ఒకటి మెరుస్తుంది. తేట ఆకుపచ్చ గాజులు వేసుకున్న చేతిని ఎండలో చాపితే, వాటి నీడకూ పచ్చదనం అంటుతుంది.

ఇంతకూ ఈ నీడల గొడవ ఎందుకంటే, రాజోలు ప్రాంతపు కుర్రవాడొకడు, నా పూర్వ శిష్యుడు, హైదరాబాదులో సినిమా గ్రాఫిక్స్ పని చేస్తున్నాడు. పెళ్లిచూపులలో పిల్ల తండ్రిగారు, “అన్నీ కంప్యూటరే చేస్తుంటే నువ్వు చేసేదేమిటి బాబూ?” అన్నారట. సంబంధం అక్కడితో ఆగింది. జవాబు నేను చెబుతాను.

గాజు చిక్కు మయుడినాటిది. మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని బట్టలు ఎగగట్టాడు. నీటిని నేలనుకొని పడ్డాడు. గాజుకు తనదంటూ రూపు లేదు. వెనుకనున్నదానిని వంచి చూపుతుంది, ఎదుటనున్నదానిని కాస్త ప్రతిఫలింపజేస్తుంది. వక్రీభవన గుణకం నీటికి 1.33, మామూలు గాజుకు సుమారు 1.5. ఆ కాస్త తేడా తప్పినా బొమ్మలో గాజు గాజులా ఉండదు.

1980లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల టర్నర్ విటెడ్ ఒక ఉపాయం ప్రకటించాడు. కిరణాన్ని దీపంనుంచి కాక, కంటినుంచి వెనక్కు నడిపించాడు. కంటి తేజస్సే వెళ్లి వస్తువును తాకుతుందని మన నైయాయికులు అనలేదూ? భౌతికశాస్త్రం ఒప్పని ఆ మాట లెక్కకు అక్కరకొచ్చింది! గాజుగోళం ఉన్న ఒక్క బొమ్మకు ఆనాటి యంత్రం 74 నిమిషాలు తీసుకున్నది.

గోళం కుదిరింది, నీడే కుదరలేదు. నేలను తాకిన కిరణం అక్కడనుంచి దీపంకోసం తిన్నగా చూస్తుంది. దారిలో గాజు అడ్డొస్తే ఎటు వంగితే దీపం చేరుతుందో దానికి తెలియదు. అందుచేత నడుమనుండే వెలుగుగీత రాదు. 1990లలో హెన్రిక్ వాన్ యెన్సెన్ రెండో దారి కలిపాడు. ముందు దీపంనుంచి కాంతికణాలు వెదజల్లి, గాజులో వంగి ఎక్కడ పడ్డాయో గుర్తుపెట్టుకోవడం. ఆ తరువాత కంటినుంచి వెదకడం.

లెక్క యంత్రానిదే, నిజమే. కాని గాజు మందమెంత, బుడగ ఎక్కడ, దీపం ఎంత దూరం, ఏ మెరుపు ఉంచాలి, ఏది తుడిచేయాలి అన్నవి మనిషి చెప్పాలి. 2012లో వచ్చిన ‘ఈగ’ స్పెషల్ ఎఫెక్టులకు జాతీయ బహుమతి పొందింది. ఆ ఈగ రెక్కలు వెలుతురు సోకని నల్లకాగితం ముక్కల్లా ఉంటే, దాని పగను మనం మన పగగా తలచేవాళ్లమా?

కాలువ నీరు తేటపడిననాడు రేవు మెట్లమీద నిలబడి, అడుగున కదలాడే వెలుగు వలను ఒక్క నిమిషం చూడండి. దానిని తెరమీద అల్లడానికి మావాడు రోజుల తరబడి కూర్చుంటాడు. అది పని కాదంటే నేనొప్పుకోను.