పాత మిలిటరీ లారీకి మార్చాల్సింది బ్రేకులా, ఇరుసులా?

జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో మన దేశంలో తయారైన శక్తిమాన్ లారీ దశాబ్దాల పాటు సైన్యానికి సేవలందించింది. అలాంటి పాత బండిని సూరత్ లాంటి రద్దీ నగరంలో మళ్లీ నడపాలంటే ముందు చూడాల్సింది ఇంజన్ కాదు, బ్రేకులు. ఉన్న ఇరుసులకే డ్రమ్ములు తీసి డిస్క్ బ్రేకులు బిగించాలా? బ్రేకులతో సహా ఇరుసులే మార్చాలా?

10 టన్నుల బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిజ శక్తి సుమారు 6.2 లక్షల జౌల్స్. వేగం 60కి పెరిగితే అది 13.9 లక్షలవుతుంది. బండి ఆగాలంటే బ్రేకులు ఈ శక్తినంతా వేడిగా మార్చాలి. డ్రమ్ము లోపలి వేడి త్వరగా బయటికి పోదు, వాననీరు చేరినా అంతే. డిస్క్ రెండింటినీ వేగంగా వదిలించుకుంటుంది.

ఇరుసు మార్పు సులువుగా తోస్తుంది. కానీ నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో ముందు, వెనక ఇరుసుల గేర్ నిష్పత్తి ఒకటే ఉండాలి. లేదంటే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. అంటే రెండూ కలిపే మార్చాలి.

కాబట్టి ఇరుసులు గట్టిగా ఉంటే బ్రేకుల మార్పే మేలు. అందులోనూ తొలి ఖర్చు డిస్క్‌కు కాదు, రెండు సర్క్యూట్ల వ్యవస్థకు పెట్టాలి. ఒకే సర్క్యూట్ ఉంటే ఒక్క గొట్టం పగిలినా అన్ని చక్రాల బ్రేకులూ పోతాయి. డిస్క్‌కు డ్రమ్ములా తనంతట తాను బిగుసుకునే గుణం లేదు కనుక బూస్టర్, తగిన మాస్టర్ సిలిండర్ తప్పనిసరి.

తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. మెకానిక్ కంటే ముందు ఆర్టీఓను కలవడమే మంచిది.