నోట్సు రాయడమంటే ఎత్తి రాయడం కాదు

గత శీతకాలంలో ఒక సాయంత్రం ఏలూరులోని మా పేట చదువుల గదికి ఇంటర్మీడియెట్ బైపీసీ చదువుతున్న ఒక దర్జీ గారి అమ్మాయి తన జంతుశాస్త్రం నోట్సు తెచ్చి చూపింది. ముత్యాల్లాంటి అక్షరాలు, నాలుగు రంగుల సిరా, ప్రతి శీర్షిక కిందా స్కేలు పెట్టి గీసిన గీత. ఆ నోట్సు కోసం ఆ బిడ్డ ఎన్ని రాత్రులు మేలుకున్నదో చూడగానే తెలుస్తున్నది. మేము సంతోషించి, మిగిలిన పిల్లలకు ఆదర్శంగా చూపించాము. తర్వాత పుస్తకం మూసి, "నెఫ్రాన్ బొమ్మ ఒకటి గీయమ్మా" అన్నాము. ఆ అమ్మాయి పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నది. చివరికి మెల్లగా, "చాచా, ఒక్కసారి చూసి గీయనా?" అని అడిగింది.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. తప్పు ఆ బిడ్డది కాదు. చేతిరాతను చూసి చదువు వచ్చిందనుకున్న మా వంటి పెద్దలది. గైడులో ఉన్నదాన్ని నోట్సులోకి ఎత్తి రాయడాన్నే చదువుగా భావించి, రాసిన పేజీల లెక్కతో పిల్లల శ్రమను కొలుస్తున్నాము. పరీక్ష గదిలో నోట్సు ఉండదు, గైడు ఉండదు. తల దించుకుని తెల్లకాగితం వైపు చూసే క్షణంలో మనసులో నుంచి ఏమి తీయగలరన్నదే అక్కడ ప్రశ్న. ఆ తీయడాన్ని మన పిల్లలు సంవత్సరం పొడవునా ఒక్కసారి కూడా సాధన చేయకుండానే పరీక్షకు వెళుతున్నారు.

ఇది మన కుటుంబాలకు చిన్న విషయం కాదు. 2007 చట్టం ద్వారా సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వస్తున్నది. ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 సీట్లతో ప్రారంభమైంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. వైద్యమే కాదు, ఉద్యానం, వ్యవసాయం, పశువైద్యం, మత్స్యశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్ వంటి దారులన్నీ జీవశాస్త్రం చదివిన బిడ్డ ముందు తెరిచే ఉన్నాయి. హక్కు మన కోసం తలుపు తెరిచింది. కానీ గడప దాటించేది మార్కులే. నీట్ ప్రశ్నపత్రంలోని 180 ప్రశ్నలలో 90 జీవశాస్త్రానివి, అంటే 720 మార్కులలో సగం. ఏపీ ఈఏపీసెట్ వ్యవసాయ, ఫార్మసీ విభాగంలోనూ 160 ప్రశ్నలకు 80 వృక్షశాస్త్రం, జంతుశాస్త్రాలవే. లక్షలు పోసి కోచింగ్ కొనలేని ఇంటికి ఈ సగం మార్కులే అందుబాటులో ఉన్న మెట్టు. వాటికి కావలసినది ఒక పుస్తకం, ఒక పెన్సిలు, సరైన పద్ధతి.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో నేర్చుకున్న ఒక సంగతి ఇక్కడ పనికివస్తుంది. ఒక వ్యవహారంపై వచ్చిన ఉత్తరాలన్నీ ఒక ఫైలులో ఉంటాయి. వాటిని చదివి, విషయమేమిటి, నిబంధన ఏమి చెబుతున్నది, ఏ పేజీలో ఆధారమున్నది, తేల్చవలసినది ఏమిటి అని అరపేజీలో రాసి అధికారి ముందుంచే దాన్ని నోటు అంటారు. ఉత్తరాలన్నీ మళ్ళీ ఎత్తి రాసిన గుమాస్తాకు చీవాట్లే దక్కేవి. విషయం అర్థం కానివాడు నోటు రాయలేడు. విద్యార్థి నోట్సు కూడా అటువంటిదే. పాఠ్యపుస్తకం అసలు ఫైలు. నోట్సు దాని సారం. దాన్ని చదవబోయే అధికారి మరెవరో కాదు, పరీక్షకు వారం ముందు ఊపిరి సలపని స్థితిలో ఉండే ఆ విద్యార్థే.

కాబట్టి మొదటి నియమం: పాఠం మొదటిసారి చదివేటప్పుడు కలం పట్టకూడదు. ఒక భాగం పూర్తిగా చదివి, పుస్తకం మూసి, అర్థమైనది సొంత మాటల్లో రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలిపోయినవి వేరే రంగుతో చేర్చాలి. రంగు సిరాకు నిజమైన ఉపయోగం ఇదే. ఆ రంగు ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే అక్కడే మన బలహీనత ఉన్నదని అర్థం.

రెండవ నియమం: పేజీని విభజించుకోవాలి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పేజీకి ఎడమవైపు సన్నని భాగం వదిలి, కుడివైపు వెడల్పు భాగంలో విషయం రాయాలి. ఎడమ భాగంలో ఆ విషయంపై ప్రశ్నలు మాత్రమే ఉండాలి. అడుగున రెండు మూడు వాక్యాల సారాంశం. ఉదాహరణకు నెఫ్రాన్ పేజీనే తీసుకుందాం. కుడివైపు బౌమన్ గుళిక, రక్తకేశనాళికా గుచ్ఛం, సమీపస్థ సంవళిత నాళిక, హెన్లీ శిక్యం, దూరస్థ సంవళిత నాళిక, సంగ్రహణ నాళం అనే వరుస, ఒక్కొక్కచోట జరిగే పని. ఎడమవైపు ఇటువంటి ప్రశ్న: "మూత్రపిండాలలో రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోత అవుతుండగా, మూత్రంగా బయటకు వచ్చేది సుమారు లీటరున్నర మాత్రమే. మిగిలినది ఏమైంది?" ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన బిడ్డకు పునఃశోషణం అనే మాటను బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు. మళ్ళీ చదివే రోజున కుడిభాగాన్ని అట్టతో మూసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి.

మూడవ నియమం: జీవశాస్త్రంలో బొమ్మ, పట్టిక, బాణపు గుర్తుల వరుస అనే మూడూ పేరాలకంటే ఎక్కువ పని చేస్తాయి. నిర్మాణానికి బొమ్మ, తేడాలకు పట్టిక, ప్రక్రియకు బాణాల వరుస. సమవిభజన, క్షయకరణ విభజనలను రెండు వేర్వేరు పాఠాలుగా చదివిన పిల్లలు పరీక్షలో వాటిని కలగాపులగం చేస్తారు. ఒకే పట్టికలో ఎదురెదురుగా రాసుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది. బొమ్మను కళాఖండంగా తీర్చిదిద్దనవసరం లేదు. రెండు నిమిషాల్లో, చూడకుండా, భాగాల పేర్లు తప్పులేకుండా పెట్టగలగాలి. అందుకు ఒకే బొమ్మను వేర్వేరు రోజుల్లో అయిదారుసార్లు గీయడం తప్ప వేరే మార్గం లేదు.

నాలుగవది మన పిల్లలకు ప్రత్యేకంగా అవసరమైనది. పదవ తరగతి వరకు ఉర్దూలోనో తెలుగులోనో చదివి, ఇంటర్మీడియెట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులోకి వెళ్ళే పిల్లలు పాఠం కష్టమై కాక, మాట తెలియక వెనుకబడుతున్నారు. నోట్సు చివరి పేజీల్లో ప్రతి సాంకేతిక పదానికీ తెలిసిన భాషలోని పదాన్ని ఎదురుగా రాసుకోవాలి. కిడ్నీ అంటే మూత్రపిండం, గుర్దా. లివర్ అంటే కాలేయం, కలేజీ. గుర్దా, కలేజీ, భేజా తెలియని బిడ్డ మన ఇళ్ళలో లేదు. ఖుర్బానీ నాడు మాంసం కోసేటప్పుడు గొర్రె గుండెను నిలువుగా కోసి చూపిస్తే నాలుగు గదులు, వాటి మధ్య కవాటాలు కంటికి కనిపిస్తాయి. గుర్దాను నిలువుగా కోస్తే వెలుపల వల్కలం, లోపల దవ్వ వేర్వేరుగా తెలుస్తాయి. నీట్ పరీక్షను తెలుగు, ఉర్దూ సహా 13 భాషల్లో రాయవచ్చునన్న సంగతిని కూడా తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

ఇక పునశ్చరణ సంగతి. చదివినది మరచిపోవడం మన పిల్లల లోపం కాదు, మనిషి స్వభావం. 1885లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిపై తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నదాన్ని మొదటి గంటల్లో, రోజుల్లోనే ఎక్కువగా మరచిపోతామని చూపాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరి చేత దాన్ని మళ్ళీ చదివించారు, కొందరి చేత చూడకుండా గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారే కొంచెం ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే చదివినవారికి 42 శాతం గుర్తున్నది, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తున్నది. పదేపదే చదివినప్పుడు 'వచ్చేసింది' అనిపించే ఆ తృప్తి ఎంత మోసపూరితమో ఈ అంకెలే చెబుతాయి.

ఈ సత్యం మన మదరసాలకు కొత్తది కాదు. హిఫ్జ్ చేసే పసివాడు ప్రతిరోజూ కొత్త సబఖ్‌తో పాటు, ఇటీవలి రోజుల సబఖీని, ఎప్పుడో పూర్తిచేసిన మంజిల్‌ను కూడా ఉస్తాద్ ఎదుట చూడకుండా వినిపిస్తాడు. కొత్తది, నిన్నటిది, పాతది అనే మూడూ రోజూ నడవాలి. ఇదే క్రమాన్ని జీవశాస్త్రానికి అన్వయిస్తే చాలు. ఈరోజు చదివిన పాఠాన్ని రేపు ఒకసారి, మూడవ రోజున ఒకసారి, వారానికి ఒకసారి, మూడు వారాలకు మరొకసారి పుస్తకం మూసి అప్పజెప్పుకోవాలి. నోట్సు పేజీ పైన ఆ తేదీలు వేసుకుంటే ఏ పాఠం బాకీ ఉన్నదో వెంటనే తెలుస్తుంది. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి రైళ్ళలో, బస్సుల్లో కళాశాలలకు వచ్చే పిల్లలు అరచేతిలో పట్టే చీటీలపై ఒకవైపు ప్రశ్న, రెండవవైపు జవాబు రాసుకుంటే ప్రయాణపు గంట వృథా పోదు.

పరీక్షకు రెండు నెలల ముందు నుంచి పాత ప్రశ్నపత్రాలను గడియారం ఎదుట పెట్టుకుని రాయాలి. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఈఏపీసెట్‌లో కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ వదలరాదు. బోర్డు పరీక్షలో భాగాలు గుర్తించిన బొమ్మ, బిందువుల వారీ జవాబు కావాలి. ఒకే నోట్సుతో మూడింటికీ సిద్ధం కావచ్చు, కానీ సాధన మాత్రం వేర్వేరుగా జరగాలి. చేసిన ప్రతి తప్పునూ ఒక చిన్న పుస్తకంలో రాసి, ఎందుకు తప్పిందో పక్కనే ఒక వాక్యం రాయాలి. చివరి వారంలో అంతకు మించిన గైడు లేదు.

పర్యావరణ పాఠాలకైతే మన ప్రాంతపు పిల్లలకు మరొక నోట్సు కళ్ళెదుటే ఉన్నది. అది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ మంచినీటి సరస్సును 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తించారు. ఏలూరు మీదుగా పారే తమ్మిలేరు, అటు బుడమేరు తెచ్చిన నీరు ఇందులో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. నీటిని కప్పేసే గుర్రపుడెక్క పిలకల ద్వారా శాకీయ ప్రత్యుత్పత్తికి ఉదాహరణ. చెరువుల నుంచి, పొలాల నుంచి వచ్చే ఎరువుల నీరు యూట్రాఫికేషన్‌కు ఉదాహరణ. పురుగుమందు ప్లవకాల నుంచి చేపకు, చేప నుంచి ఆటపాకలోని గూడబాతుకు చేరేకొద్దీ గాఢత పెరగడమే జైవిక వృద్ధీకరణం. పాఠంలోని ప్రతి భావనకూ నోట్సులో ఒక కొల్లేరు ఉదాహరణ రాసుకున్న బిడ్డ దాన్ని మరచిపోదు.

తల్లిదండ్రులకు ఒక మాట. "మాకు ఇంగ్లీషు రాదు, బిడ్డ చదువులో మేమేమి చేయగలం?" అని చాలామంది తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. చేయగలరు. నోట్సు మీ చేతిలోకి తీసుకోండి. బిడ్డ చేతికి తెల్లకాగితం ఇచ్చి బొమ్మ గీయమనండి. తర్వాత రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ గీత తప్పిందో, ఎన్ని పేర్లు తగ్గాయో చెప్పడానికి అక్షరం రానక్కరలేదు, కళ్ళుంటే చాలు. అమ్మాయి చదువుకునే గంటలో వంటింటి పిలుపు ఆగాలి. ఆ గంటలో ఫోను పెద్దల దగ్గరుండాలి. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు పరీక్షల కాలంలో ఒక గది, ఒక దీపం, పాత ప్రశ్నపత్రాల కట్ట ఏర్పాటు చేస్తే, ఇరుకిళ్ళలోని పిల్లలకు అది పెద్ద ఆసరా. బైపీసీ పూర్తిచేసిన అన్నలు, అక్కలు వారానికి ఒక సాయంత్రం వచ్చి ప్రశ్నలు అడిగితే చాలు, పాఠం చెప్పనవసరం లేదు.

ఆ దర్జీ గారి అమ్మాయి ఇప్పుడు కొత్త నోట్సు రాస్తున్నది. అందులో రంగులు రెండే. కొట్టివేతలు చాలా ఉన్నాయి. మొన్న పుస్తకం మూసి నెఫ్రాన్ గీసింది. రెండు పేర్లు తప్పాయి. "ఇవి రేపు మళ్ళీ అడగండి చాచా" అని తానే ఎర్ర సిరాతో వాటి కింద గీత గీసింది. ముత్యాల్లాంటి ఆ పాత నోట్సు కంటే ఈ కొట్టివేతల పుస్తకాన్ని చూసినప్పుడే మాకు ధైర్యం కలిగింది. ఈ నెల ప్రతి ఇంటిలోనూ ఒక్క పాఠంతోనైనా ఈ ప్రయత్నం మొదలు కావాలని కోరుతున్నాము.